పై అంతస్తు ఎవరిది

మా ఆయన ఈ బెంగాలీవాళ్ల దేశంలో రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైనాడు. ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలో మేమున్న రైల్వే క్వార్టరు ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చేసింది. అన్నేళ్లు కాపురం చేసిన ఇంట్లో గోడకి కొట్టిన మేకు కూడా మాది కాదని అప్పుడే గట్టిగా తెలిసింది. ఇంకా ఇరవై రోజులే గడువు. సొంతూరు పోదామంటే అక్కడ మాకు జానెడు చోటు లేదు.

బజారు వెనక పాత బెంగాలీ వీధిలో రెండంతస్తుల ఇల్లు అమ్మకానికుందన్నారు. కింద రెండు గదులు, లోపలినుంచే మెట్లు, పైన ఒక పెద్ద గది. ఆ పై గదికి మూడు వైపులా కిటికీలు. ఎర్ర గచ్చు మీద ఎండ పరుచుకుని ఉంటే, మొదటిరోజే నేను అక్కడ కూలబడిపోయినాను. క్వార్టర్లో బియ్యంలో రాళ్లు ఏరాలంటే గుమ్మంలోకి రావాలి. ఇక్కడ ఏ మూల కూచున్నా ఏరుకోవచ్చు. ఆ ఇంటి మీద మా ఆయనకంటే నాకే పిచ్చి ఎక్కువ. దాచుకోవడమెందుకు.

అమ్మేది ఒక ముసలి బెంగాలీ పెద్దమనిషి. దాదా అనేవాళ్లం. అగ్రిమెంటు రోజు పొద్దున పదిన్నరకి వెళ్లినాం. బల్ల మీద కాగితం సిద్ధంగా ఉంది, అంతా బెంగాలీలోనే. దాదా గబగబా చదివేసి, "ఠీక్ హై? ఇక్కడ సంతకం పెట్టు భాయ్. పదకొండింటికి సాలువా పోలీసు క్యాంపు హవల్దారు కూడా ఈ ఇంటి బేరానికే వస్తానన్నాడు. మీ మొహం చూసి ఆపినాను" అన్నాడు.

మా ఆయన పెన్ను తీసినాడు. ఆయనకి తెలుగు చదవడం వచ్చు. బెంగాలీ నోటితో దంచేస్తాడు గానీ అక్షరం ఒక్కటి రాదు. ఆ మాట చెప్పడానికి నామోషీ. పైగా వర్క్‌షాపులో అలవాటొకటుంది. ఆఫీసు బాబు వేలు ఎక్కడ పెడితే అక్కడ సంతకం పెట్టెయ్యడమే. ఏటి రాసుందని అడిగితే బాబుకి కోపం.

నాకు బెంగాలీ మాట అర్థమౌతుంది గానీ అప్పటికి ఏ భాషా చదవడం రాదు. ఓనమాలు దిద్దింది చాలా ఏళ్ల తరవాత. అందుచేత నాకు నామోషీ లేదు.

"మావా, ఆగు. ఇంకోపాలి చదివించు" అన్నాను.

"చదివినాడు కదే. చెవుల్లో ఏటి పెట్టుకున్నావు?"

"మెట్ల మాట వినబళ్లేదు. పై గది మాట వినబళ్లేదు."

మేం తెలుగులో అనుకున్నా దాదాకి అర్థమైపోయింది. "బౌదీకి నా మీద నమ్మకం లేనట్టుంది" అని నన్ను చూసి నవ్వినాడు. బౌదీ అంటే వదిన.

అప్పుడే ఆయన భార్య టీ పట్టుకొచ్చింది. కాగితం తీసి ఆవిడ చేతిలో పెట్టినాను. "దీదీ, నువ్వు చదువు. మెల్లగా."

ఆవిడ మొగుడి వైపు చూసింది. వీధి పేరు చదివింది, ఇంటిముందు కాలవ చదివింది, పెరట్లో నుయ్యి చదివింది. అక్కడ ఆగిపోయింది. టీ మీద తరక కట్టేస్తోంది, ఎవరూ ముట్టుకోలేదు.

"చదువు దీదీ."

"కింది అంతస్తు మాత్రమే" అంది ఆవిడ, మొగుణ్ణి చూడకుండా. "పైది మా మరిదిది."

దాదా గొంతు పెరిగింది. "తమ్ముడు కలకత్తాలో ఉన్నాడు. ఏళ్లై ఈ గడప తొక్కలేదు. మీరు పైన ఉంటే అడిగేదెవరు?"

"అయితే ఆయన చేత కూడా సంతకం పెట్టించు."

"వాడితో నాకు మాటల్లేవు."

మా ఆయన నా వైపు చూసినాడు. కోపం కాదు, భయం. "గడువు దగ్గరకొచ్చేసింది. తమ్ముడు రాడంటున్నాడు కదే" అన్నాడు చిన్నగా.

"వస్తే? పైన తాళం వేసుకుంటే? మళ్లీ ఖాళీ చెయ్యడమేనా మావా?"

మా ఆయన పెన్నుకి మూత పెట్టి జేబులో వేసుకున్నాడు.

గుమ్మం దగ్గర హవల్దారు సైకిలు దిగుతున్నాడు. "కాగితం ఇంకొకళ్ల చేత చదివించుకో భాయ్" అన్నాను. లోపలినుంచి దాదా ఏదో అరిచినాడు.

"నీ నోటి మూలాన ఇల్లు పోయింది" అన్నాడు మా ఆయన వీధిలో.

"పోయింది" అన్నాను.

గడువు లోపల అద్దెకి దొరికింది ఒక్క గది, దానికి ఒక్క కిటికీ, అదీ పక్కింటి గోడ మీదికి. హవల్దారు ఆ ఇల్లు కొన్నాడో లేదో నేను ఎవర్నీ అడగలేదు. బజారుకెళ్లినా ఆ వీధిలోంచి మాత్రం పోయేదాన్ని కాదు. పై గది మీద ఆశ చావలేదు మరి.