ముగిసిన కేసుల ఫోల్డర్

వనపర్తి కోర్టుకు ఎదురుగా ఉన్న రామచంద్రయ్య వకీలు ఆఫీసులో కౌసర్ గుమాస్తాగా చేరి ఇరవై రెండేళ్లు. నోటీసులు టైపు చేయడానికని కొల్లాపూర్ నుంచి వచ్చిన మనిషి, నాలుగేళ్లు తిరగకముందే ఆఫీసంతా తన చేతుల్లోకి తీసుకుంది. కాగితాలు కట్టడంలో ఆమె తీరే వేరు. నంబర్లు గింబర్లు ఆమెకు పట్టవు. ఊరు, మనిషి, తగాదా, అంతే. ‘పాన్‌గల్ ఎస్తేరమ్మ, గట్టు పంచాయితీ’ అని అట్ట మీద రాసి, దావా మొదలైన నాటి నుంచి ఆఖరి కాగితం దాకా ఒకే గుడ్డలో కట్టేది. తప్పేముంది చెప్పండి? పల్లెల నుంచి వచ్చేవాళ్లు ఎవరైనా కేసు నంబరు చెప్పిన పాపాన పోయారా? పేరు చెప్తారు, ఏడుస్తారు, కూర్చుంటారు.

పోయినేడు రామచంద్రయ్యకు మోకాళ్లు పడిపోయాయి. ఆయన కుర్చీలోకి తమ్ముడి కూతురు సింధూజ వచ్చింది. హైదరాబాదులో చదివిన పిల్ల, చురుకైనదే, కాని ముక్కు మీద కోపం. వస్తూనే వకీళ్ల కోసమని ఏదో సాఫ్ట్‌వేర్ తెచ్చి కంప్యూటర్‌లో పెట్టించింది. కట్టలన్నీ విప్పి స్కాన్ చేయాలంది. కౌసర్ నాలుగు నెలలు నడుం పడిపోయేలా స్కాన్ చేసింది. ఊరికో ఫోల్డర్, అందులో మనిషికో ఫోల్డర్ పెట్టుకుంది. కాగితాల కట్టలేమో బస్తాల్లోకెక్కి రామచంద్రయ్య ఇంటి మిద్దె మీదికి పోయాయి.

ఒక సోమవారం పొద్దున వచ్చి తెరిస్తే ఒక్క ఊరూ లేదు. అన్నీ సంవత్సరాలు, నంబర్లు.

"నా ఊర్లన్నీ ఏడబోయినయ్ మేడం?"

"ఊర్ల పేర్లతోటి కేసులు నడవయి కౌసర్‌గారూ. ఇది ఆఫీసు, కిరాణా కొట్టు గాదు. మీరు మళ్ల మార్చకుండ లాక్ పెట్టిన. ఇంక మీకు చూసుడొక్కటే."

ఆరుగురు కక్షిదారుల ముందు అంది ఆ మాట. కౌసర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇరవై రెండేళ్ల చాకిరీ! ఒక్క ముక్కలో కిరాణా కొట్టు అయిపోయింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. చాయ్ కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడులోనే ఒకరి మంట ఒకరికి తెలిసేది.

ఎస్తేరమ్మ సంగతికొద్దాం. ఇరవై ఏళ్లు బొంబాయిలో, పుణేలో మట్టి మోసి పాన్‌గల్‌లో రెండెకరాలు కొనుక్కున్న మనిషి. పక్క చేను వెంకట్రాములు గట్టు జరుపుతూ జరుపుతూ ఎకరం మింగేశాడు. పదకొండేళ్లు కొట్లాడి ఆమె గెలిచింది. కోర్టు పంపిన కమిషనర్ వచ్చి, చేను కొలిచి గీసిన నక్షాయే ఆ గెలుపుకు ప్రాణం. వెంకట్రాములు ఊరుకుంటాడా? అప్పీలుకు పోయి స్టే అడిగాడు. స్టే రాకపోతే ఎస్తేరమ్మ తన ఎకరంలోకి దిగుతుంది. వస్తే ఈ వానాకాలం కూడా అక్కడ వాడే విత్తుతాడు.

అప్పీలుకు కొత్త నంబరు పడింది. కొత్త నంబరు కాబట్టి సింధూజ కొత్త ఫోల్డర్ తెరిచింది. పాత దావాలో తీర్పు వచ్చేసింది కదా అని దాన్ని తీసి ‘ముగిసినవి’ అన్న ఫోల్డర్‌లో పడేసింది. నక్షా కూడా దాంతోపాటే పోయింది. గుడ్డ మూటలోనైతే ఈ గొడవే లేదు.

విచారణ రోజు పొద్దున ఆఫీసు తెరవగానే కౌసర్ కంప్యూటర్ ముందు కూర్చుంది. అప్పీలు ఫోల్డర్‌లో నక్షా లేదు. ‘ముగిసినవి’ తెరిచింది. ఉంది. సింధూజ నల్లకోటు వేసుకుంటూ పక్కనే నిలబడి ఉంది. ఒక్క మాట అంటే అయిపోయేది. చూసుడొక్కటే అన్నది గదా, చూసిన, అనుకుని కౌసర్ ఆ నక్షాను మూసేసింది.

కోర్టులో జడ్జి అడగనే అడిగాడు. "కింది కోర్టు రికార్డు ఇంకా రాలేదు. కమిషనర్ నక్షా నకలు మీ దగ్గర ఉందా?"

"ఉంది సార్, ఒక్క నిమిషం" అంది సింధూజ. లాప్‌టాప్‌లో పైకీ కిందికీ వెతికింది. చెమటలు పట్టాయి. వెనక బెంచీ మీద కూర్చున్న కౌసర్ వైపు తిరిగింది, సిగ్గు చంపుకుని కళ్లతోనే అడిగింది. కౌసర్ తలెత్తి ఫ్యాన్ చూసింది. ఆమె పెదాల మీదికి నవ్వొచ్చింది. వెతుకు తల్లీ, నీ నంబర్లలోనే వెతుక్కో అనుకుంది. జడ్జి ఇంకాసేపు ఆగాడు. తరువాత తీర్పు అమలును ఆగస్టు దాకా ఆపుతూ స్టే ఇచ్చి, ఇంకో కేసు పిలిపించాడు.

వరండాలోకి రాగానే ఎస్తేరమ్మ కౌసర్ చెయ్యి పట్టుకుంది. "ఏమన్నడు బిడ్డా జడ్జి? నీ మొకంల నవ్వు జూసి మంచిగనే అయిందనుకుంటి."

ఇంతసేపూ ఈ ముసలామె ఆ గదిలోనే ఉందన్న ధ్యాసే రాలేదు కౌసర్‌కు. అంతలో సింధూజ లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది.

"స్టే ఇచ్చిండు పెద్దమ్మా, ఆగస్టు దాక నువ్వు ఆ ఎకరంల దిగరాదు. అడిగిన నక్షా ఇప్పుడు దొరికింది. ముగిసినవాట్ల నేనే పడేసిన, తప్పు నాదే" అంది. తరువాత తెర కౌసర్ వైపు తిప్పింది. "మరి ఇదేంది? ఏ కాగితం ఎవరు, ఎప్పుడు తెరిచిండ్రో ఇందుల పడ్తది. పొద్దుగాల తొమ్మిదీ నలభైకి ఈ నక్షా తెరిచింది మీరే."

ఎస్తేరమ్మకు చదువు రాదు. తెర వైపు చూడనే లేదు, కౌసర్ మొహంలోకే చూసింది.

"నీకు ఎరికేనా బిడ్డా?"

"ఎరికే పెద్దమ్మా. నన్ను అందరి ముందు తక్కువ జేసి మాట్లాడిందని ఊకున్న."

ఎస్తేరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఆమె అంటే ఆమెతోని కొట్లాడాలె. నా చేను నిన్ను ఏమన్నది?"

సంచి భుజాన వేసుకుని పాన్‌గల్ బస్సు కోసం నడిచింది. పదకొండేళ్లలో ఎప్పుడూ పోయొస్త బిడ్డా అనకుండా వెళ్లని మనిషి, ఆ రోజు అనలేదు.