యాభై దాటని మగవాళ్ళు

మా అత్తగారు పుట్టిందీ పెరిగిందీ మిషిగన్‌లోనే. ఆవిడ తాతగారు మాత్రం ఐర్లండ్ నుంచి ఓడలో వచ్చారు. ఏ ఊరినుంచో ఎవరికీ తెలియదు. "నేను పోయేలోపు ఆ ఊరేదో తెలుసుకోవాలి. కంప్యూటర్ పని నీకు బాగా వచ్చుగా" అంటూ కిందటేడాది ఆ బాధ్యత నాకు అప్పగించారు. తెలుగు కోడలికి ఐరిష్ వంశవృక్షం పని! నవ్వుకుంటూనే మొదలుపెట్టాను.

ట్రాయ్‌లో మా ఇంటి డైనింగ్ టేబుల్ నిండా పాత కాగితాలు పరిచాం. తాతగారి మరణపత్రంలో వయసు నలభై ఎనిమిది, కారణం లివర్. ఆయన తమ్ముడికి నలభై ఆరు. కారణం అదే.

"తాగి పోయారు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు" అన్నారు అత్తగారు. ఆవిడ సొంత తమ్ముడు కూడా నలభై తొమ్మిదికే పోయారని నాకు ఆ రోజే తెలిసింది. పెళ్ళయిన ఈ పదిహేనేళ్ళలో ఆయన ఫొటో ఒక్కటి కూడా ఆ ఇంట్లో నేను చూడలేదు.

ఊరు దొరకడానికి మూడు నెలలు పట్టింది. ఐర్లండ్ పడమటి తీరంలో ఓ చిన్న ఊరు. అక్కడి చర్చివాళ్ళు నా ఉత్తరాన్ని తాతగారి అక్క మునిమనవరాలికి అందించారు. ఆవిడ జవాబు ఆఫీసులో లంచ్ తింటూ చదివాను. ఆప్యాయంగా రెండు పేరాలు. ఆ కింద: "మా ఇంట్లోనూ కొందరు మగవాళ్ళు యాభై దాటలేదు. పోయేముందు ఒళ్ళు రాగిరంగు తిరిగేదట. నా కొడుకు ఒంట్లో ఇనుము పేరుకుపోతోందని ఇప్పుడు డాక్టర్లు కనిపెట్టారు. వంశంలో వచ్చే జబ్బట. మీ వాళ్ళకి వెంటనే టెస్ట్ చేయించండి."

లంచ్ డబ్బా మూసేశాను. మావారికి నలభై నాలుగు. ఆ వేసవి నుంచి అందరూ "టాన్ బాగా వచ్చిందే" అంటున్నారు. వేళ్ళ కణుపులు నొప్పని కీబోర్డ్ మార్చుకున్నారు. సాయంత్రమైతే సోఫాలో వాలిపోతున్నారు. అన్నీ చూస్తూనే ఉన్నాను, ఒకదానితో ఒకటి కలిపి చూడలేదు.

ఎదురింటి తెలుగు డాక్టరమ్మకి ఫోన్ చేశాను.

"అక్కా, పానిక్ అవ్వకండి. సింపుల్ బ్లడ్ టెస్టే. రేపే బుక్ చేయండి."

"మరి మా పాపకి?"

"ముందు ఆయన రిజల్ట్ రానివ్వండి."

ఆ మాటతో ఇంకా భయం పట్టుకుంది.

రిజల్ట్‌కి తొమ్మిది రోజులు. ఆయన చొక్కా మార్చుకుంటుంటే మెడ రంగూ వీపు రంగూ పోల్చి చూసేదాన్ని. ఎండ తగలని చోట కూడా అదే రంగు. పదేళ్ళ మా అమ్మాయి పసిగట్టింది.

"అమ్మా, డాడీని ఎందుకు అలా స్టేర్ చేస్తున్నావ్? డాడీ సిక్ ఆ?"

అబద్ధం చెప్పబోయి, దాని జడ విప్పి మళ్ళీ అల్లాను.

జబ్బు ఉందని తేలింది. లివర్ కొంత దెబ్బతిన్నా పూర్తిగా చెడిపోలేదు. వారం వారం రక్తం తీస్తే ఇనుము తగ్గుతుందన్నారు. ఈ జబ్బు రావాలంటే దాని జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ రావాలట; మామగారి వైపూ ఉందన్నమాట. నాకూ పరీక్ష చేసి, నాలో ఆ జన్యువు లేదు కాబట్టి పాపకి భయం లేదన్నారు. పార్కింగ్‌లో కార్ ఎక్కాక ఏడుపు ఆగలేదు.

విషయం అత్తగారికి చెప్పాను. "మా తమ్ముడు చుక్క ముట్టనని ఒట్టు వేసేవాడు. నేను నమ్మలేదు. వాడి అంత్యక్రియలకి కూడా వెళ్ళలేదు" అన్నారావిడ. తర్వాత ఆ తమ్ముడి కొడుకు నంబర్ వెతకమన్నారు. ఎన్నో ఏళ్ళుగా మాటల్లేని ఇల్లది. ఆవిడే డయల్ చేసి స్పీకర్ ఆన్ చేశారు.

"నేను మీ మేనత్తని. నన్ను తర్వాత తిడుదువుగాని. ముందు టెస్ట్ చేయించుకో. నీకిప్పుడు ఎన్నేళ్ళు?"

"నలభై ఏడు" అన్నాడతను, స్పీకర్‌లో.

అతని రిపోర్ట్ ఇంకా రాలేదు. ఫోన్ మోగినప్పుడల్లా అత్తగారూ నేనూ ముఖాలు చూసుకుంటున్నాం.