మంచం మీద బూట్లు

ఐర్లండ్‌లోని స్లైగోలో ముసలివాళ్ళను చూసుకునే కేరర్‌గా నేను వెళ్ళే ఇళ్ళన్నిటిలోకీ నాకు భయం పుట్టించిన ఇల్లు ఒక్కటే. అక్కడుండే చైనా ముసలావిడకు నూరేళ్ళకు రెండేళ్ళు తక్కువ. మతిమరుపు జబ్బు వచ్చాక నేర్చుకున్న ఇంగ్లీషంతా పోయి, చిన్నప్పటి భాష మాత్రం మిగిలింది. డెబ్బై దాటిన కూతురే ఆమెను చూసుకునేది. ఆవిడ మధ్యాహ్నం షాపుకు వెళ్ళి వచ్చేదాకా నేను తోడుండాలి.

ముసలావిడ బూట్లు వేసుకునే పడుకునేది. లేసులు బిగించి, పైన దుప్పటి కప్పుకుని! చెప్పులు గడప దాటనివ్వని ఇంట్లో పుట్టినదాన్ని, చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది. "ఇట్స్ గ్రాండ్, పర్లేదు, అలాగే ఉండనీ" అని కూతురు మొదటి రోజే చెప్పింది. ఎందుకని అడిగానా? లేదు. అన్నీ నాకే తెలుసు మరి.

ఆ డిసెంబరు మధ్యాహ్నం ఆమె నిద్రపోగానే మెల్లగా బూట్లు విప్పి, వంటింటి అల్మరాలో దాచేశాను. ఏదో ఘనకార్యం చేసినంత తృప్తి! గిన్నెలు కడిగి వచ్చేసరికి మంచం ఖాళీ. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. వాకిట్లో విప్పిన నా బూట్లూ లేవు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. నాలుగింటికే చీకటి ముసురుతోంది, గడ్డి మీదంతా మంచు. వట్టి సాక్సులతోనే పరిగెత్తాను. రోడ్డు మీద కారు హారన్ మోగితే ఆమే అడ్డం వెళ్ళిందేమోనని అటు ఉరికాను. గార్డులకు, అదే ఇక్కడి పోలీసులకు, ఫోన్ చేద్దామంటే వేళ్ళు కదలవే! "దేవుడా, ఈ ముసలమ్మ బతికుంటే చాలు" అని పైకే అనేశాను.

కంచె మొక్కల వెనక దొరికింది. ఒంటి మీద నైటీ, నీలంగా మారిన పాదాలు, ఒళ్ళో నా బూట్లు. నన్ను కిందికి లాగి చేత్తో నోరు మూసింది. ఎక్కడిదమ్మా అంత బలం! ఆమె కళ్ళు నా వెనక ఎవరినో చూస్తున్నాయి. ఎవరూ లేరని తెలిసినా తిరిగి చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు. నా కాళ్ళకు బూట్లు తొడిగి లేసులు కట్టింది. లేవదీయబోతే తోసేసింది. ఒకే మాట మళ్ళీమళ్ళీ అంటూ నన్ను రోడ్డు వైపు నెట్టసాగింది.

అంతలో కూతురు వచ్చింది. ఇద్దరం కలిసి లోపలికి మోసుకొచ్చాం. బూట్లు నేనే విప్పానని ఏడుస్తూ చెప్పాను. నాలుగు తిట్టి ఉంటే నయంగా ఉండేది. తల్లి పాదాలకు దుప్పటి చుడుతూ, నెమ్మదిగా చెప్పుకొచ్చింది.

జపాన్ సైన్యం చైనాలోని మంచూరియాలోకి వచ్చినప్పుడు వాళ్ళ తాతయ్య పొలం వదిలి, రైతులూ పాత సైనికులూ కలిసి కట్టిన స్వచ్ఛంద సైన్యంలో చేరాడట. అలాంటి వాళ్ళకు అన్నం పెట్టిన ఊళ్ళను జపాన్ సైనికులు తగలబెట్టేవారు. ఏ క్షణాన పరిగెత్తాల్సి వస్తుందోనని ఊరంతా బూట్లతోనే పడుకునేదట. సైనికులు వచ్చిన రోజున వాళ్ళ అమ్మమ్మ బూట్లు మంచుకు తడిసి, పొయ్యి దగ్గర ఆరుతున్నాయి.

"ఇందాక మీ అమ్మగారు నాతో ఏమంటున్నారు?" అని అడిగాను.

"'నాకు బూట్లు లేవు, నన్ను వదిలేసి పరిగెత్తు' అంటోంది. మా అమ్మమ్మ ఆ రోజు తనతో అన్న మాట అది."

"మరి..."

"మా అమ్మకప్పుడు ఆరేళ్ళు. పరిగెత్తింది."