ఒక పాలు మందు, ఇరవై పాళ్ళ నీళ్ళు

మా పక్కింటి నర్సమ్మ పోయి తొమ్మిది రోజులయింది. ఆమె అక్క కూతురు జమ్మలమడుగు బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చి ఆ మాట చెప్పినప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను. విని, కడిగిన బియ్యాన్నే మళ్ళీ కడిగాను. ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది. లేస్తే ఎందుకు లేచానో తెలియదు. నేను చదివింది అయిదో తరగతి. రాసే అలవాటు లేదు. అయినా ఆమె గురించి మీకు చెప్పుకుంటే తప్ప ఈ గాబరా తగ్గేట్టు లేదు.

జమ్మలమడుగు ఆస్పత్రిలో చాలా ఏళ్ళు నర్సుగా పనిచేసి, ఆ తర్వాత ప్రొద్దుటూరులో మా పక్క వాటాలోకి వచ్చి ఒక్కతే ఉండేది. ఎవరు కనబడినా బాగున్నారా అనే ముందు వాళ్ళ గోళ్ళు చూసేది. కాఫీ నిలబడే తాగేది. కొత్త కోడలిగా వచ్చిన నేను, ఇంటికి ఎవరొచ్చినా వంటింట్లో తలుపు వెనక నిలబడేదాన్ని. ఒక రోజు ఆమే వంటింట్లోకి వచ్చింది.

"ఏం పాపా, మాట్లాడితే పండ్లు రాలిపోతాయా? చెయ్యి ఇట్లా సాపు," అని నా గోళ్ళు చూసి, "శుబ్రంగానే ఉండావే. మరి దాంకునేదెందుకు?" అంది. నాకు నవ్వొచ్చింది. ఆ ఇంట్లో నేను పైకి నవ్వడం అదే మొదలు.

మా ఆడబిడ్డ నర్సు కావాలని పట్టుపట్టింది ఆమెను చూసే. ఈ ఏడు మూడో ఫారం పాసయింది. మామగారు లేరు. మా ఆయన ముద్దనూరు రైలు స్టేషనులో పనిచేస్తూ వారానికి ఒకసారి వస్తారు. అందుకని ఎస్సెల్సీ దాకా ఇంక మూడేళ్ళు ఏం చదవాలో నర్సమ్మే కూర్చుని చెప్పింది. జ్వరాలు గుర్తుపెట్టే గళ్ళ కాగితం వెనక రాసి ఇచ్చింది: సైన్సులో శరీరం పాఠాలు ఒక్కటీ వదలకూడదు, ఇంగ్లీషు రోజుకొక పేజీ పైకి చదవాలి, లెక్కలు అసలు విడవకూడదు.

"ఆస్పత్రిలో నీకు తెలుగులో చీటీ రాసేవాళ్ళు ఎవురూ ఉండరమ్మే," అని ఆ పిల్లతో అనేది.

నాలుగో ఫారంలో చేరేటప్పుడు ఆడపిల్లలు బీజగణితంతో ఉన్న లెక్కలు తీసుకుంటారో, గృహశాస్త్రం తీసుకుంటారో బడికి రాసివ్వాలి. మా అత్త గృహశాస్త్రం అని రాయించి వేలిముద్ర వేసింది. సంగతి తెలిసి నర్సమ్మ కొంగు బిగించుకుని వచ్చింది.

"అక్కా, ఈ గృహశాస్త్రం ఎవురు రాపిచ్చినారు?"

"నేనే. గంజి కాయల్ల, గుడ్డలుతకల్ల, కట్టు కట్టల్ల. నర్సు పనంటే ఇంటిపనే గదా?"

"గంజి నీ కోడలు గూడా కాస్తాది. ఇరవై పాళ్ళ నీళ్ళల్లో ఒక పాలు మందు కలపమంటే నీ కూతురు యాడికి పోతాది? కుట్టుమిషను నడగతాదా?"

అత్త అరచేయి బుగ్గన పెట్టుకుంది. "పాలల్లో నీళ్ళు కలిపేదానికి మూడేండ్లు సదవల్లనా? మన పాలామె ఏ బడికి పోయిందంట?"

నర్సమ్మ గోడ పట్టుకుని నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు ఆగలేదు. నేను నీళ్ళిస్తే తాగలేకపోయింది. ఆమె చేతి గోళ్ళు నీలంగా ఉండటం అప్పుడు చూశాను. ఆమె కూడా చూసుకుంది. చెయ్యి కొంగు కింద పెట్టుకుంది.

కాగితం మార్చుకోవడానికి మరునాటితో గడువు తీరుతుంది. నర్సమ్మ తానే బడికి పోతానన్నది గాని, తెల్లవారి లేవలేకపోయింది. నన్ను పిలిచింది.

"నువ్వు పో."

"నేనా? నాకేం తెలుసు? అయిదో తరగతి..."

"అయిదో తరగతి నీ సదువుకు. నోటికి గాదు గదా. అడిగేదానికి సిగ్గేంది పాపా?"

హెడ్మాస్టరు గది బయట ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. లోపలికి పిలిచి ఆయన అడిగిన మొదటి రెండు మాటలకూ తల మాత్రం ఊపాను.

"ఆడపిల్లకు అంత లెక్కలెందుకమ్మా? తప్పితే?"

"తప్పితే మళ్ళా రాస్తాది సార్. గృహశాస్త్రం పాసయినా నర్సు కాలేకపోతే ఏం లాభం సార్?"

ఆయన కొత్త కాగితం తీశారు. సంరక్షకుడు అని అచ్చువేసిన చోట నా పేరు రాశాను. అక్షరాలు వంకరపోయాయి.

ఆ మాట చెప్పాలని వీధంతా పరుగులాంటి నడకతో వచ్చాను. నర్సమ్మ ఇంటికి తాళం ఉంది. ఆయాసం ఎక్కువయితే అక్కవాళ్ళు వచ్చి జమ్మలమడుగుకు తీసుకుపోయారట.

ఒక కార్డు రాసి ఉండవలసింది. రెండుసార్లు కొన్నాను. నా వంకర అక్షరాలు, తప్పులు ఆమె చూస్తుందని సిగ్గుపడి రాయలేదు. మా ఆయన వచ్చినప్పుడు రాయిస్తాననుకున్నాను. ఆయన వచ్చారు, వెళ్ళారు. రాసిపెట్టమని ఆయన్ని అడిగే ధైర్యం కూడా నాకు మిగల్లేదు. అక్క కూతురు చెప్పింది, ప్రొద్దుటూరు నుంచి ఎవరొచ్చినా మంచం మీద నుంచి నర్సమ్మ ఒకటే అడిగేదట: "ఆ పిల్ల కాగితం మారిందా?" వచ్చినవాళ్ళలో ఎవరికీ తెలియదు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

నిన్న మా ఆడబిడ్డ బీజగణితం పరీక్ష తప్పి వచ్చింది. "వదినా, ఇప్పుడు మార్చుకోనిస్తారా?" అని ఏడ్చింది. పక్కన కూర్చుని ఆ పుస్తకం తెరిచాను. మొదటి లెక్క ఇద్దరికీ అర్థం కాలేదు.

ఈ పొద్దు కూడా అదే లెక్క ముందేసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. రబ్బరుతో తుడిచి తుడిచి కాగితం పలచబడింది. ఎత్తి పట్టుకుంటే అందులోంచి ఎండ కనబడుతోంది. చిరిగిపోతుందేమోనని నేను చూస్తున్నాను. ఆ పిల్ల పెన్సిలు ఒత్తకుండా, తుడిచిన చోటే మళ్ళీ రాస్తోంది.