డ్రమ్ము మీది నలభై ఎనిమిది

ఆ వించి డ్రమ్ము పక్కన మా ఫిట్టర్ని నిలబెట్టింది నేనే. అదీ కోపంతో.

గాజువాక వైపు ఒక చిన్న వర్క్‌షాపులో ఇంజినీర్ని నేను. పోర్టులో పడవలు లాగే పాత వించి రిపేరుకొచ్చింది. దాని డ్రమ్మును ఆపడానికి కొత్త బ్రేకు కావాలి. బ్రేకు ఎంత గట్టిగా పట్టాలో తేలాలంటే డ్రమ్ము జడత్వం ఎంతో, అంటే ఆగమన్నా ఆగకుండా ఎంత మొండిగా తిరుగుతుందో తెలియాలి. డ్రమ్ముకున్న తుప్పు పట్టిన రష్యన్ ప్లేటు మీద కిలోలు, మీటర్ల లెక్కలో ‘జీడీ స్క్వేర్ 48’ అని ఉంది. బ్రేకు క్యాటలాగేమో అమెరికాది, అంతా పౌండ్లు, అడుగులు. ఫోన్ తీసి కొలతలు మార్చే యాప్‌లో కొట్టాను. వెయ్యీ నూట ముప్పై తొమ్మిది.

మా ఫిట్టరు రోజూ సబ్బవరం నుంచి బండి మీద వస్తాడు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద, అయినా అందర్నీ బావా అనే పిలుస్తాడు. నా భుజం మీంచి ఫోన్లోకి తొంగిచూశాడు.

"బావా, ముందు నాలుగుతో బాగించాల. ఆ డీ అంటే డయామీటరు. నీ ఫోను లెక్కేమో అందులో సగంతోటి. సగాన్ని సగంతో గుణిత్తే పావే కదేటి? నలభై ఎనిమిది కాదు, పన్నెండు."

"యాప్ కంటే నీకెక్కువ తెలుసేటి?"

"యాప్‌కేటి తెల్దు బావా. నువ్వు అడిగిందే సెప్తాది."

లేతు మిషను దగ్గరున్నవాళ్లు పగలబడి నవ్వారు. ఆ నవ్వుకే నాకు తిక్క రేగింది. ఆయన కాలరు పట్టుకుని ఇనప బల్లకేసి తోశాను. నడుం తగిలిన చప్పుడు గట్టిగా వినిపించింది.

"సొక్కా సిరిగితే కొత్తది నువ్వే కొనాల," అన్నాడు ఊపిరి ఎగబీలుస్తూ.

"నోర్మూసుకుని నా నంబరుకే బ్రేకు స్ప్రింగు బిగించు. టెస్టుకి కూడా నువ్వే నిలబడు."

బిగించాడు. మోటారునీ డ్రమ్మునీ కలిపే కప్లింగు మీద మూత పెట్టబోతే, టైం లేదని అదీ పెట్టనివ్వలేదు. మోటారు వేసి డ్రమ్ము వేగం అందుకోగానే ఫోన్లో వీడియో ఆన్ చేసి "బ్రేకు వెయ్!" అని అరిచాను.

మోటారు వైపున్న బ్రేకు, ఉండాల్సినదానికి నాలుగింతల బిగువుతో పట్టేసింది. మోటారు ఒక్క దెబ్బకు ఆగింది. డ్రమ్ము ఆగలేదు. మధ్యలో కప్లింగు పిన్ను తెగి, తూటాలా వచ్చి ఆయన కుడి ముంజేతికి తగిలింది. ఎముక బయటికొచ్చింది. ప్లేటు మీద, నా చెప్పుల మీద, ఫోన్ మీద రక్తం. వీడియోలో వినిపించే అరుపు ఆయనదో నాదో ఇప్పటికీ తెలియదు.

సాయంత్రం హాస్పిటల్‌కి ఓనరు వచ్చాడు. వస్తూనే మంచం మీదున్న ఫిట్టరు మీద విరుచుకుపడ్డాడు.

"స్ప్రింగు అంత బిగించింది నువ్వే కదరా? రేపట్నుంచి రాకు."

నేను ఆఫ్‌లో ఉన్న ఫోన్‌ని వేలితో రుద్దుతూ కూర్చున్నాను. ఉన్నట్టుండి ఆయన ఎడమ చెయ్యి నా కాలరు అందుకుని మంచం మీదికి లాగింది.

"పని పోతన్నాది నాది. ఆ నంబరు ఎవుడిదో సెప్పు."

"నాదే."

ఓనరు లాగి నా చెంప మీద కొట్టాడు. ఫోన్ ఎగిరి మంచం కిందకెళ్లింది. ఆయన మాత్రం కాలరు వదల్లేదు.

"నాలుగుతో బాగించి సెప్పు."

"పన్నెండు."

అప్పుడు వదిలాడు.