మడమలు రుద్దుకునే సముద్రపు రాయి

మా చిన్నప్పుడు ఎవరింట్లోనైనా గల్ఫ్ పెట్టె విప్పుతున్నారంటే వాడంతా అక్కడే ఉండేది... సబ్బులు, సెంటు సీసాలు, పూల కంబళి.

మా చిన్నబాపు, అంటే బాపు (నాన్న) తమ్ముడు, మా మల్లాపూర్ నుంచి గల్ఫ్‌కు పోయినవాడు. అక్కడ ఓడ మీద పని. సముద్రం అడుగున ఇసుక తోడి, ఒడ్డు పక్కన పోసి, కొత్త నేల తయారు చేసేవారు. ఆ ఏడు ఆయన పెట్టె అడుగున, లుంగీలో చుట్టి, తెల్లటి రాయి ఒకటి ఉంది. ఒళ్లంతా సన్నటి తూట్లు...

మరునాడు పొద్దున మా అవ్వ, అంటే అమ్మ, స్నానాల బండ మీద కూర్చుని దానితో మడమలు రుద్దుకుంటోంది. అంతవరకు మాకు ఇటుక పెంకే.

చిన్నబాపు వేపపుల్ల నములుతూ చూశాడు.

"వదినె, గది రాయి కాదే. సముద్రంల పగడపు పురుగులు కట్టుకున్న ఇల్లు. పాణమున్నప్పుడు మస్తు రంగులుంటయి. చాపలు గండ్లనే దాక్కుంటయి."

"సచ్చినదాన్ని గింత దూరం ఎందుకు మోసుకచ్చినవయ్యా?"

"మేమే సంపినం గదా..."

ఇసుక పోస్తుంటే బురద లేచి వాటిని కప్పేస్తుందట. కొన్నాళ్లకు తెల్లబడి చస్తాయట. చేపలు మళ్లీ అటు రావట.

అవ్వ ఇంకో మడమ ముందుకు పెట్టింది. "ఏమన్న గానీ, గరుకు మంచిగున్నది."

మధ్యాహ్నం అన్నం దగ్గర చిన్నబాపు మెల్లగా అన్నాడు, "అన్నా, గా ఓడ మీదికి మళ్ల పోబుద్ధి అయితలేదు."

బాపు తల ఎత్తలేదు. "చాపల కోసం పని ఇడిసిపెట్టిండంటే ఊరు నవ్వుతది తమ్మీ. ఇల్లు ఇంక గోడల కాడనే ఉన్నది."

సెలవు అయిపోయింది. చిన్నబాపు అదే ఓడ ఎక్కాడు... చాలా ఏళ్లు చేశాడు. ఇంటికి స్లాబు పడింది.

ఇప్పుడు ఊర్లోనే ఉంటున్నాడు. మొన్న ఎండాకాలం గోదావరి ఒడ్డున కలిశాడు. ఇసుక ట్రాక్టర్లు వరుసగా దిగుతున్నాయి. చేపలు గుడ్లు పెట్టే మడుగులన్నీ గుంతలయ్యాయి.

"ఎవరూ ఆపరా చిన్నబాపూ?" అన్నాను.

"ముందటి ట్రాక్టర్ నా కొడుకుదే రా" అన్నాడు. ఇంటి దారి పట్టాడు.

మీ వాగుల్లో, మీ సముద్రం ఒడ్డున చిన్నప్పుడు చూసి, ఇప్పుడు కనబడనివి ఏమున్నాయి? కింద రాయండి... పేర్లయినా మిగులుతాయి.