కాలిన మోటార్ల బడి

త్రినాథ్ మా ఊరొచ్చింది రెండువేల రెండులో, వినాయక చవితి వెళ్ళాక. చీరాల మనిషి. వాళ్ళ నాన్న మగ్గం నేసినన్నాళ్ళు నేశాడు. మగ్గానికి పని లేకపోయేసరికి ఇతను మరమగ్గాల షెడ్డులో చేరి, కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టే పని నేర్చుకున్నాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. సన్నగా ఉంటాడు, చొక్కా జేబులో ఎప్పుడూ టెస్టరు. నోట్లోంచి మాట రావడం మాత్రం మహా కష్టం. అట్లాంటి మనిషిని ఏరికోరి పంతులుగా వేశారు.

ప్రభుత్వం వారి పథకం అది. సేద్యం గిట్టక కూర్చున్న పెద్దవాళ్ళకు నాలుగు నెలలు మోటారు వైండింగు నేర్పించి సర్టిఫికెట్ ఇస్తారట. మా ఊరు దర్శికి ఆరు మైళ్ళు. లో వోల్టేజీ పుణ్యమా అని ఇక్కడ నెలకు పది మోటార్లు కాలతాయి కాబట్టి ఈ ఊరినే ఎంచారు. అంతవరకు వాళ్ళ తెలివిని నేను కాదనను.

బడికి చోటు నాదే. మా ఆయన పోయాక పొగాకు వేయడం మానేశాను, పొగాకు కాల్చే బ్యారన్ ఊరికే పడి ఉంది. ఒక గోడకు కిటికీ కొట్టించి ఇచ్చాను. దాని పక్కనే నా వసారా. మంచం మీద కూర్చుంటే పాఠం అంతా వినపడుతుంది. మూడో తరగతిలో ఆగిన నా చదువు అరవై తొమ్మిదో ఏట అక్కణ్ణుంచే మళ్ళీ మొదలయింది, ఫీజు లేకుండా.

వచ్చిన మొదటి రోజే త్రినాథ్ నాకు సంగతి చెప్పాడు.

"మామ్మగారూ, సంక్రాంతి వెళ్ళాక పరీక్ష. ఆ రోజు పదిహేను మంది చివరిదాకా కూర్చోవాలి. ఒక్కడు తగ్గినా ఈ శిక్షణ కేంద్రం ఎత్తేస్తారు."

"ఎత్తేస్తే నీకేం, చీరాల ఎక్కడికీ పోలేదుగా."

"అక్కడ ఇల్లు ఖాళీ చేసొచ్చానండి. పిల్లలిద్దరినీ ఇక్కడి బళ్ళో వేశాను. మళ్ళీ ఆ షెడ్డుకే పోతే నూనె తుడిచే పనికి కూడా రానివ్వరు. నా చోట్లో ఇంకొకణ్ణి పెట్టుకున్నారు."

అదీ అతని పరిస్థితి. పదిహేను మంది పెద్ద మనుషులు నాలుగు నెలలు బడికి వస్తే అతని ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

ఆ పదిహేను మందిని ఎట్లా కూర్చోబెట్టాలో ఒంగోలు ఆఫీసు వాళ్ళు ఒక పుస్తకం అచ్చేసి ఇచ్చారు. వయసొచ్చిన విద్యార్థుల్లో ఆసక్తి పుట్టించే పద్ధతులట. త్రినాథ్ చదువుతుంటే విన్నాను. పొద్దున్నే అందరూ గుండ్రంగా నిలబడి చప్పట్లు కొట్టాలి. రబ్బరు బంతి ఒకరి మీదికొకరు విసరాలి, పట్టుకున్నవాడు తన పేరుకు ముందు ఒక పండు పేరు తగిలించి చెప్పాలి. జవాబు బాగా చెప్పినవాడి చొక్కాకు రంగు కాగితం నక్షత్రం అంటించాలి. రాసినవాడు నలభై దాటిన మగవాణ్ణి ఎప్పుడైనా దగ్గరగా చూశాడో లేదో నాకు అనుమానమే.

మొదటి వారం ఇరవై ఇద్దరు వచ్చారు. బంతి పేరయ్య చేతిలో పడింది. పేరయ్యకు నలభై మూడేళ్ళు. పత్తికి మందు కొట్టీ కొట్టీ ఊపిరి పాడైతే, ఇక స్ప్రేయరు ముట్టొద్దని డాక్టరు చెప్పాడు. అందుకని వచ్చాడు. బంతి పట్టుకుని చాలాసేపు ఆలోచించి "జామకాయ పేరయ్య" అన్నాడు. మూడు రోజుల్లో ఊరంతా అతని పేరు అదే అయింది. టీకొట్టు దగ్గర చిన్నా పెద్దా "ఏం జామకాయా" అని పలకరించడమే. వాళ్ళావిడ కూడా అన్నం వడ్డిస్తూ అన్నదట. పేరయ్య బడి మానేశాడు.

నక్షత్రాలు ఇంకో నలుగుర్ని పంపించాయి. ఇమాం హుస్సేను భుజాన నక్షత్రంతోనే ఇంటికి వెళ్తే వాళ్ళావిడ జానీబీ, "ఎస్సై గారు వచ్చారు, కుర్చీ వేయండి" అన్నది. అతను మానలేదు గానీ, మర్నాటి నుంచి నక్షత్రం ఇస్తారేమోనన్న భయంతో ఒక్కడూ జవాబు చెప్పలేదు. ఒక్కొక్కరే జారుకోగా మూడో వారానికి తొమ్మిది మంది మిగిలారు, వాళ్ళలో ఇద్దరు నిద్రపోయేవాళ్ళు. నల్లబల్ల మీద త్రినాథ్ మోటారు చుట్ల బొమ్మ గీస్తుంటే నాకు జాలేసేది.

"పుస్తకంలో ఇంకేమన్నా ఉందా?" అని అడిగాను.

"బెలూన్లు ఊదించమన్నారండి."

"వద్దు నాయనా. ఉన్న తొమ్మిది మందినీ దక్కించుకో."

ఆ వారంలోనే ఇమాం హుస్సేను బోరు మోటారు కాలింది. దాన్ని దర్శి వైండింగు షాపుకు వేసుకెళ్ళాడు. పొద్దున ఎనిమిదింటికి పోయినవాడు పొద్దు గూకాక వచ్చాడు. మర్నాడు బడికొస్తే త్రినాథ్ నిన్న రాలేదేమని అడిగాడు.

"షాపులో కూర్చున్నా మాస్టారూ."

"ఇచ్చేసి రావచ్చుగా? వాళ్ళు తీగ కట్టి ఉంచేవాళ్ళు."

"ఇచ్చేసి వస్తారా ఎవరన్నా? మనం అటు తిరిగామంటే పాత తీగ ఎక్కిస్తాడు, లేకపోతే నాలుగు చుట్లు మింగేస్తాడు. స్టూలేసుకుని ఎదురుగా కూర్చున్నా. టీకి కూడా లేవలా."

మా వైపు అంతే. మోటారు కాలితే ఆసుపత్రిలో మనిషికి తోడున్నట్టు దానికి తోడుండాలి. డాక్టరునన్నా నమ్ముతాం, వైండరును నమ్మం.

"అయితే ఏం చూశావు?" అన్నాడు త్రినాథ్.

ఇక ఇమాం హుస్సేను మొదలుపెట్టాడు. కాలిన తీగ ఎట్లా కోసి లాగాడో, తీగ దిగే గాడిలో కాగితం ఎంత వెడల్పు పెట్టాడో, ఒక్కో చుట్టకు ఎన్ని చుట్లు వేశాడో, ఏ చివర ఏ చివరతో కలిపాడో, వార్నిషు ఎన్నిసార్లు పోశాడో, ఎనిమిదో గాడి దగ్గర వాడెందుకు తడబడ్డాడో. మూడు వారాలు నల్లబల్ల మీద గీసిందంతా ఒక్క పూటలో అప్పజెప్పాడు. నిద్రపోయే ఇద్దరూ లేచి విన్నారు.

త్రినాథ్ సుద్దముక్క కింద పెట్టేశాడు. ఆ రోజు పాఠం చెప్పలేదు. సాయంత్రం సైకిలేసుకుని మానేసినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, కాలిన మోటారుంటే తెచ్చుకోమని, తీగ కేంద్రమే ఇస్తుందని చెప్పాడు. షరతు ఒకటే. ఎవడి మోటారు వాడు కట్టకూడదు. ఇంకొకడు కడతాడు, సొంతదారు ఎదురుగా కూర్చుని చూసుకోవచ్చు.

వారంలో పద్ధెనిమిది మంది తేలారు. పది మోటార్లు వచ్చాయి. మోటారు లేనివాడు ఉన్నవాడికి జత. తన మోటారును త్రినాథ్ ఇమాం హుస్సేను చేతికి ఇచ్చాడని తెలిసి, జామకాయా లేదు, సిగ్గూ లేదు, పేరయ్య ఏడున్నరకే వచ్చి బ్యారన్ తలుపు ముందు కూర్చున్నాడు. తాళం తీయడం ఆలస్యమైందని నా మీద విసుక్కున్నాడు కూడా.

అప్పటి నుంచి నా వసారాలో నాకు నిద్ర లేదు.

"ఎన్ని అయినయ్?" అన్నాడు పేరయ్య.

"ముప్పై ఎనిమిది."

"ముప్పై ఏడే. నేను లెక్కపెడతన్నా."

"నువ్వు మధ్యలో దగ్గావు బావా. ఆ దగ్గులో ఒకటి పోయింది."

"నా దగ్గు మీద పెట్టమాక. విప్పు."

విప్పాడు, మళ్ళీ చుట్టాడు. ఒకరోజు పేరయ్య గాడిలోకి వంగి చూసి, "ఈ చుట్ట తిరగేసి పెట్టావు" అన్నాడు. ఇమాం హుస్సేను ఒప్పుకోలేదు. దర్శి షాపువాడు ఇట్లాగే పెట్టాడన్నాడు. ఇద్దరూ త్రినాథ్ దగ్గరికి పోతే అతను చెప్పలేదు. నోరు పెగలని గుణం అక్కడ అక్కరకొచ్చింది. "బొమ్మ చూసుకోండి" అన్నాడంతే. మూడు వారాలుగా ఎవరూ తలెత్తి చూడని నల్లబల్ల బొమ్మ ముందు ఇద్దరు తగాదాకోర్లు గంటసేపు నిలబడ్డారు. పేరయ్యే గెలిచాడు. ఇమాం హుస్సేను తీసి సరిచేస్తూ, "నా మోటారు నీ చేతికి రాకపోద్దా" అన్నాడు. పరువు కోసం నేర్చుకున్నారు, అవతలివాడి తప్పు పట్టడం కోసం ఇంకా బాగా నేర్చుకున్నారు. మెచ్చుకోలు నక్షత్రాలతో రాని హాజరు అనుమానంతో వచ్చింది. దీన్ని పుస్తకంలో వేయరు, నాకు తెలుసు.

పరీక్ష రోజు ఒంగోలు నుంచి జీపులో ఆఫీసరు వచ్చాడు. వచ్చీ రాగానే బంతి ఎక్కడన్నాడు. త్రినాథ్ వెతికి దుమ్ము దులిపి ఇచ్చాడు. పద్ధెనిమిది మందీ గుండ్రంగా నిలబడి పండ్ల పేర్లు చెప్పారు. ఈసారి పేరయ్య పేరుకు ముందు మాత్రం ఏ పండూ లేదు. "నా పేరు పేరయ్యే సార్, పండ్ల సంగతి నాకు తెలవదు" అని బంతి ఆఫీసరుకే ఇచ్చేశాడు.

పది గంటలకు పరీక్ష మొదలు. ఒక్కొక్కరూ మూడు చుట్టలు చుట్టి గాళ్ళలో దించాలి. ఒంటిగంట దాకా మాట్లాడకూడదు, లేవకూడదు. గడప దాటినవాడి పేరు కొట్టేస్తానని ఆఫీసరు రెండుసార్లు చెప్పాడు.

పదకొండుంబావుకు పిండిమర మోగింది.

మా ఊళ్ళో పిండిమర మోగిందంటే చేలల్లో మోటార్లు తిరిగే త్రీఫేజు కరెంటు వచ్చిందని. రెండు రోజులుగా లేదు. మిరప కాపు మీద ఉంది, ఆకు వాలిపోతున్నది. వచ్చిన కరెంటు ఎంతసేపుంటదో ఇచ్చినవాడికే తెలియదు. బ్యారన్‌లో పద్ధెనిమిది జతల చేతులు ఆగిపోయాయి. పేరయ్య తీగ కింద పెట్టి లేచాడు. వెనకే ఇంకో ఐదుగురు.

"కూర్చోండి. గడప దాటితే ఫెయిలే" అన్నాడు ఆఫీసరు.

"చేను ఫెయిలయితే ఎవరిస్తారు సార్?" అన్నాడు పేరయ్య.

త్రినాథ్ గోడకు ఆనుకుని ఉన్నాడు. పెదాలు కదులుతున్నాయి. లేచినవాళ్ళను లెక్కపెడుతున్నాడని నాకు అర్థమైంది. పద్ధెనిమిదిలో ఆరు పోతే పన్నెండు.

నేను గడపలో నిలబడ్డాను.

"పేరయ్యా, కూర్చో. మీటరు పెట్టె తాళాలు ఇట్లా పడెయ్. స్టార్టరు నేను నొక్కుతా."

"నువ్వా సుబ్బరావమ్మత్తా? చేతగాక ఎర్రది నొక్కుతావేమో."

"నాలుగు నెలలు నీ దగ్గుతో సహా పాఠాలన్నీ విన్నాను. నాకు చెప్పేదేముంది? పచ్చది నొక్కి చెవి పెట్టి వినాలి. మూలిగితే వెంటనే ఆపెయ్యాలి."

ఆడవాళ్ళంతా ఊరికి దూరంగా పెద్ద చేలో మిరపకాయలు కోయడానికి పోయారు. వేలికి దెబ్బ తగిలి ఇంట్లో ఉన్నది జానీబీ ఒక్కతే. ఆమెకు తూర్పు వైపు ఆరు, నాకు పడమట అయిదు. తాళాలు ఇస్తూ ప్రతివాడూ ఒక హెచ్చరిక. ముందు నాది నొక్కు. పక్కవాడి చేలోని మడవకు నీళ్ళు పోనివ్వకు. ఇమాం హుస్సేను నాకు తాళం ఇచ్చి, పేరయ్య స్టార్టరు దగ్గర ఎక్కువసేపు నిలబడొద్దన్నాడు. ఆఫీసరు "సైలెన్స్" అంటూనే ఉన్నాడు.

గట్ల వెంట నడిచి అయిదూ నొక్కాను. నాలుగు లేచాయి. ఒకటి మూలిగి కాలిన వాసన కొట్టింది, వెంటనే ఆపేశాను. అది ఇమాం హుస్సేనుది. బడిలో కట్టింది కాదు, రోజంతా టీ కూడా తాగకుండా కాపలా కాసి దర్శిలో కట్టించుకొచ్చింది. జానీబీ వైపు ఆరూ నీళ్ళు పోశాయి.

ఒంటిగంటకు నేను తిరిగొచ్చేసరికి పద్ధెనిమిది మందీ కూర్చునే ఉన్నారు. కదలలేదు. ఇమాం హుస్సేను నా ముఖం చూసి, "నాది లేవలేదా అత్తా?" అన్నాడు.

"లేవలేదు."

పేరయ్య తీగ చుడుతూనే, "రేపు తీసుకురా, నేను కడతా" అన్నాడు. "ఎదురుగా కూర్చో, నమ్మకం లేకపోతే."

పదహారు మంది పాసయ్యారు. కేంద్రం నిలిచింది. ఫిబ్రవరిలో ఒంగోలు నుంచి కాగితం వచ్చింది, త్రినాథ్ వసారాలో కూర్చుని నాకు చదివి వినిపించాడు. ఇంకో ఏడాది పొడిగింపు. విద్యార్థులు పరీక్ష మధ్యలో లేవకుండా చివరిదాకా కూర్చోవడం బంతి పద్ధతి సాధించిన విజయమని, మిగతా కేంద్రాలు దాన్ని చూసి నేర్చుకోవాలని రాశారు. ఇక మీదట రైతుల కాలిన మోటార్లు తరగతిలోకి తేరాదు, ఆఫీసు పంపే అట్టముక్కల నమూనా మీదే నేర్పాలి. సంబంధం లేని స్త్రీలు తరగతి గడపలో నిలబడరాదు. ఈ ఉత్తర్వును గోడకు అంటించాలి.

"ఏం చేస్తావు?" అన్నాను.

"అంటించమన్నారు కదండీ, అంటిస్తాను."

బ్యారన్ గోడ పద్ధెనిమిది అడుగుల ఎత్తు. అతను అంటించింది పైన దూలం కింద, ఎవరూ చదవలేనంత ఎత్తున. కొత్త బ్యాచీలో మొదటివాడు అప్పటికే ఎడ్లబండి మీద మోటారు తెచ్చి తలుపు దగ్గర దించుతున్నాడు. నిచ్చెన నేనే ఇచ్చాను.